కాలింది ఒకటి, కాల్చింది ఇంకొకటి

మాది హోసూరు. మా తాతకు హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది. వయసులో ఉన్నప్పుడు సొంతంగా కట్టుకున్న 807 వాల్వు ట్రాన్స్‌మిటర్ ఇంకా దాచుకున్నాడు.

వేసవి సెలవుల్లో ఆయన్ని అడక్కుండా స్విచ్ వేశాను. పొగ వచ్చింది. వాల్వు స్క్రీనుకు వోల్టేజి తగ్గించి ఇచ్చే రెసిస్టరు బొగ్గయింది, దాని మీది అంకెలూ మాడిపోయాయి. తాత నోటుబుక్కులోని పటంలో చూస్తే 33 కిలో ఓములు, 5 వాట్లు. బెంగళూరులో పనిచేసే మామతో ఎస్.పి. రోడ్డు నుంచి రెండు తెప్పించి, గుట్టుగా ఒకటి మార్చాను. అదీ కాలింది! ఏడుస్తూ తాతకు చెప్పేశాను.

"కాలిపోయిండేది ఇది. కాల్చిండేది ఇంకొకటుందప్పా" అన్నాడు. ప్లగ్గు తీయించాడు. ఫిల్టరు కెపాసిటర్లలో మిగిలిన కరెంటును పోగొట్టి, మీటరు సున్నా చూపించాకే నన్ను ముట్టనిచ్చాడు. స్క్రీను దగ్గరి పాత కెపాసిటరు ఒక కాలు విప్పి కొలిస్తే షార్టయి ఉంది. దానివల్లే 600 వోల్టులూ రెసిస్టరు మీద పడ్డాయి. తాత డబ్బాలోంచి కొత్త కెపాసిటరు తీసి, రెండూ మార్చాం.

"సెట్టు కాలినందుకు కాదప్పా. ప్లగ్గు పీకినా లోపల ప్రాణం తీసే కరెంటు ఉంటుంది. ఒక్కడివే చెయ్యి పెట్టినావే, దానికి భయపడినా" అన్నాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఆ సాయంత్రం తాత 40 మీటర్లలో పిలిస్తే, ఎవరో పాత స్నేహితుడు పలికాడు. ఇక అడక్కుండా ఆ మూత తీయను.