మన ఫుట్‌బాలు జట్టు – వెనుక వరుస

మన దేశపు ఫుట్‌బాలు జట్టు ఓడిన మరునాడు ఎవరిని కదిపినను ఒక్కటే మాట వినబడును: "బ్యాక్కులు పనికిరారు, వారిని మార్చవలయును." సికింద్రాబాదు వాస్తవ్యులును, ఆటయందు మిక్కిలి అభిమానము గలవారును అగు మా మేనమామగారు కూడ నిదియే చెప్పుదురు. గోలు పడినప్పుడు దానికి దగ్గరగా నున్నవాడే అందరి కన్నులకును కనబడును గనుక నింద వానిపై బడుట సహజము. కాని యేండ్ల తరబడి ఈ జట్టు వెంట మనస్సును త్రిప్పుకొనుచున్న నాకు, నొప్పి యొకచోటను దాని మూలము వేరొకచోటను ఉన్నవని తోచుచున్నది. సాయంకాలమున మన పాఠశాల మైదానములో బాలురను ఆడించు పని నాకు కలదు గనుక, ఈ సంగతి మన పత్రిక చదువరులకు విన్నవింప సాహసించుచున్నాను.

మొదట నష్టమును లెక్కించుకొందము. 2024 జనవరిలో కతారు దేశమున జరిగిన ఆసియా కప్పు పోటీలలో మనవారు ఆస్ట్రేలియా చేత 2–0, ఉజ్బెకిస్తాను చేత 3–0, సిరియా చేత 1–0 తేడాతో ఓడిరి. ఆ మార్చిలో గువాహతి పట్టణమున, మన ప్రజల యెదుటనే, ఆఫ్ఘనిస్తాను జట్టు మనలను 2–1తో గెలిచెను. ఆ సంవత్సరమున పదునొక యాటలాడి ఒక్కటియు గెలువలేదు. 2025 అక్టోబరులో మడ్గాఁవున సింగపూరుతో ఆడునప్పుడు ముందుగా గోలు వేసియు, పిదప రెండు గోలులు పడనిచ్చి, 2027 ఆసియా కప్పులో ఆడు అర్హతను పోగొట్టుకొనిరి. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశము చేతను ఓటమియే. కతారులో పడిన ఆరు గోలులను అందరును జ్ఞాపకము పెట్టుకొన్నారు. నాకు మరువరానిది అక్కడ మనము వేసిన సున్న.

2024 సెప్టెంబరులో మన హైదరాబాదునందే, గచ్చిబౌలి స్టేడియమున, మారిషసుతో 0–0 గాను, సిరియాతో 0–3 గాను ఆటలు ముగిసినవి. నవంబరులో అచ్చటనే మలేషియాతో 1–1. వీనిని నేను గ్యాలరీలో కూర్చుండి చూచితిని. ఇంటిలో టెలివిజను ముందర కూర్చున్నవానికి బంతి యున్నచోటు మాత్రమే కనబడును. గ్యాలరీలో నున్నవానికి బంతి లేనిచోటును కనబడును. ఆట మర్మమంతయు అచ్చటనే యున్నది. మనవారు బంతిని ముందుకు కొట్టుదురు. ముందున్న ఫార్వర్డు దానిని రొమ్ముపై నాపి, ఇద్దరు తోటివారు చేరువరకు నిలుపుకొనలేడు. బంతి నిమిషములో తిరిగి వచ్చును. అప్పటికి మన ప్రక్క బ్యాక్కులు పైకి పోయి యుందురు. నడిమి హాఫులు సగము దారిలో నుందురు. వెనుక నిద్దరు స్టాపరులు, వారి ముందర గరిసె పట్టునంత ఖాళీ. ఇట్లు ఇరువది మారులు జరిగిన పిమ్మట ఇరువదియొకటవ మారు కాలు తడబడినవానిని మనము దూషించుచున్నాము! సిరియాతో ఆటలో మొదటి గోలు ఆరంభముననే పడెను; తక్కిన రెండును చివర, మనవారి కాళ్లు బరువెక్కిన పిదప పడినవి. మలేషియా ఆటలో మనకు గోలు సమకూర్చినవాడు ఎవ్వడనుకొన్నారు? కార్నరు బంతిని తలతో కొట్టిన రాహుల్ భేకే, అనగా బ్యాక్కే! గోలు ఆపవలసినవాడే పోయి గోలు వేసి రావలసిన గతి పట్టినది.

ఈ దుఃస్థితి మన జట్టునకు క్రొత్త కాదు. దీనికంటె ఘోరమైనది లోగడ కలిగినది, మాన్పబడినది. 1952లో హెల్సింకి ఒలింపిక్సునందు యుగోస్లావియావారు మనపై పది గోలులు వేసిరి. మనము ఒకటి వేసితిమి. మనవారిలో పెక్కురు బూట్లు లేకయే ఆడిరి. వెనుక నిద్దరు బ్యాక్కులనే నిలుపు పాతపద్ధతి అప్పటికింకను మనలో నడచుచుండెను. జట్టునకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచేత బడిపంతులు. (2024లో వెలువడిన "మైదాన్" చలనచిత్రమున ఆయన చరిత్రను మీలో ననేకులు చూచియుందురు.) పది గోలులు పడినవని ఆయన పదిమంది బ్యాక్కులను వెదుకలేదు. కాళ్లకు బూట్లు వచ్చినవి; ఇద్దరు బ్యాక్కుల నడుమ మూడవవానిని నిలుపు పద్ధతి వచ్చినది. అన్నిటికంటె ముఖ్యముగా, బంతిని కాలి చుట్టు త్రిప్పుకొనక వెంటనే తోడివాని కందించు అలవాటును ఆయన బాలురలో నాటెను. బంతితో పరుగిడి యెదుటివారిని తప్పించుకొని పోరాదను నియమముతో ప్రత్యేకముగ పోటీలు కూడ నడపెను.

నాలుగేండ్ల తరువాత మెల్‌బోర్నులో మనవారు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి, సెమీఫైనలులో ఆ యుగోస్లావియానే తిరిగి యెదుర్కొనిరి. మొదటి గోలు మనదే. తుదకు 4–1తో ఓడినమాట నిజమే కాని, పదియెక్కడ, నాలుగెక్కడ! 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి యాటను దక్షిణ కొరియాకు 2–0తో పోగొట్టుకొని, ఫైనలులో ఆ కొరియానే 2–1తో గెలిచి బంగారు పతకము తెచ్చిరి. మన గోలు కాచినవాడు హైదరాబాదున జన్మించిన పీటర్ తంగరాజు. తులసీదాసు బలరాము, యూసుఫ్ ఖాను కూడ మన జంటనగరములవారే. ఆ పోటీలలో స్టాపరుగా నుండిన జర్నైల్ సింగు తలకు గాయము తగిలి కుట్లు పడగా, రహీం అతనిని సెంటర్‌ఫార్వర్డుగా ముందుకు పంపెను. సెమీఫైనలులోను ఫైనలులోను అతడు గోలు వేసెను. వెనుక వరుసలో మూలస్తంభమును పెరికి ముందు నాటినను ఇల్లు కూలలేదు. ఏలయన, అరుణ్ ఘోషు మొదలగువారు వెనుక నిలువగా, తక్కిన జట్టంతయు వారి పనిలో పాలుపంచుకొనుచుండెను.

కావున నేడు జట్టును కూర్చువారిని నేను కోరుకొనునది మొట్టమొదట ముందువరుసను గూర్చియే. సునీల్ ఛెత్రీ 2024 జూనులో దేశపు జట్టునుండి విరమించుకొనెను. 2025 మార్చిలో, నలువది యేండ్ల ప్రాయమున, అతనిని తిరిగి పిలువవలసి వచ్చెను. అతనికి ఘనతయే, మనకు మాత్రము కాదు. అతని స్థానమునకు మనుష్యుడేల దొరకడు? ఇండియన్ సూపరు లీగు 2014లో ఆరంభమైనది మొదలు 2025 వరకు జరిగిన పదునొక సీజనులలో, అత్యధికముగ గోలులు వేసినవానికిచ్చు బహుమానమును ఒక్క భారతీయుడును పొందలేదు. హైదరాబాదు పేరు గల జట్టు లీగు కప్పు గెలిచిన 2021–22 సీజనులో ఆ బహుమానము మన జట్టువాడే పొందెను. పదునెనిమిది గోలులు వేసిన ఆ బార్థలోమ్యూ ఓగ్బెచె నైజీరియా దేశస్థుడు. నేనును గంతులు వేసి సంతోషించితిని. కాని క్లబ్బులన్నియు ముందటి స్థానమును విదేశీయునికే యిచ్చుచుండగా, మన పిల్లవాడు అంచున పరుగిడుటయో బెంచీపై కూర్చుండుటయో నేర్చును గాని నడుమ నిలిచి బంతిని కాపాడుట యెన్నడు నేర్చును? (ఆ జట్టు సైతము 2025లో ఢిల్లీకి తరలిపోయినది. గచ్చిబౌలి ఇప్పుడు చిన్నబోయి యున్నది.) ప్రతి క్లబ్బును ఒక భారతీయ సెంటర్‌ఫార్వర్డును సీజనులో కొన్ని యాటలకైనను మొదటి పదునొకండుగురిలో తప్పక ఆడింపవలెనను నిబంధన కావలయును.

విదేశములందు పుట్టి పెరిగిన భారతీయ సంతతివారిని తెచ్చుకొనుడని కొందరు సలహా చెప్పుదురు. మన చట్టము ద్వంద్వ పౌరసత్వమును ఒప్పదు గనుక, వచ్చువాడు తన దేశపు పౌరసత్వమును పూర్తిగా విడువవలయును. జపానునుండి వచ్చిన ఇజుమి అరాటా మునుపే అట్లు చేసెను. 2025లో ఆస్ట్రేలియానుండి రయాన్ విలియమ్సు చేసెను. వారి త్యాగమునకు నమస్కారము. కాని ఇట్టివారు ఏండ్లకొక్కరు వత్తురు. వారిని నమ్మి జట్టు కట్టుట వానకు దోసిలి యొగ్గి వరిపైరు వేయుట వంటిది.

వెనుక వరుసకు నేను కోరునది మార్పు కాదు, నిలుకడ. స్టాపరుల జంట కలిసి ఆడినకొలది ఒకరి అడుగు నొకరు చూడకయే యెరుగుదురు. సందేశ్ ఝింగన్ 2024 జనవరిలో సిరియాతో ఆడుచు గాయపడి చాలకాలము దూరమయ్యెను. ఆ తరువాత జంటలు మారుచునే వచ్చినవి. అన్వర్ అలీ గుండెజబ్బు కారణముగా 2019లో ఆట మానవలెనని చెప్పబడియు, పోరాడి తిరిగివచ్చిన ధీరుడు. వానిప్రక్క నొకనిని నిలిపి, ఒక యోటమికే తీసివేయక, పదియాటలు ఓపిక పట్టవలయును. వారి ముందర, గోలు వేయుటను గూర్చి తలంపనైనను తలంపక ఖాళీని కాచుకొని యుండు హాఫు ఒకడు కావలయును. పత్రికలలో వాని బొమ్మ పడదు. వాడు లేనినాడు మాత్రము నలుగురు బ్యాక్కులు ఎనమండుగురైనను చాలరు.

వెనుక నిలుచుటయన్న మనవారికి గల చిన్నచూపు మన మైదానముననే ఆరంభమగుచున్నది. జట్లు పంచుకొనునప్పుడు బలిష్ఠులు, వడిగలవారు ముందుగా ఏరబడుదురు. చివరకు మిగిలిన బక్కవానిని "నీవు వెనుక నిలువుమురా" అని తోలుదురు. గోలు పడిన పిమ్మట వానినే తిట్టుదురు. ఈ సంవత్సరము నేనొక నియమము చేసితిని: నాయకులిద్దరును మొట్టమొదట తమ స్టాపరును కోరుకొనవలయును, తక్కినవారందరు ఆ తరువాతనే. బుధవారములలో రహీం గారి పద్ధతిని, బంతిని ఒక తాకుతో అందించుటయే గాని త్రిప్పుకొనుట లేని ఆటను, అరగంట ఆడింతును. మొదటి వారము పిల్లలు గొణిగిరి. ఇద్దరు క్రికెట్టునకు పోయిరి. మొన్న తొమ్మిదవ తరగతి బాలుడొకడు, తరగతిలో అందరికంటె పొడగరి, ఇంతవరకు ముందు తప్ప మరెక్కడను ఆడనన్నవాడు, చీకటి పడువేళ నాయొద్దకు వచ్చి, "మాష్టరుగారూ, రేపు నన్ను వెనుక నిలువనీయండి, వాడు ప్రక్క నుండిన మేమిద్దరము ఎవ్వరిని పోనీయము" అని పలికెను. ఆ "వాడు" ఎప్పుడును చివరకు మిగిలిపోవుచుండిన బక్కవాడే. శనివారమునాడు ఆ యిద్దరిని జంటగా నిలుపుచున్నాను.