స్టీరింగు కింద చప్పుడు

కారు తిన్నగా వెళ్తున్నంతసేపూ ఏ గొడవా లేదు. మలుపు తిరిగితేనే... టక్! గోతిలో పడితే మళ్లీ... టక్ టక్!

విజయనగరంలో ఓ స్కూలు టీచరుగారి మారుతి 800 అది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ మోడల్ తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఈయనది 2012 నాటి బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నలుగురు ఎక్కాల్సిన దాంట్లో ఆరుగురు ఎక్కడం ఆ ఇంట్లో మామూలే.

చప్పుడు మొదలైన వారానికి వర్క్‌షాపులో చూపించారు. 'షాకబ్జార్బర్ల మీద మౌంటింగులు పోయాయి సార్' అన్నారు. రెండువైపులా మార్చారు. నాలుగు వేలు వదిలాయి, చప్పుడు మాత్రం వదల్లేదు. మళ్లీ వెళ్తే 'పాత బండికి ఆమాత్రం ఉంటుంది' అని పంపేశారు. సరే, సర్దుకుపోదాం అనుకున్నారాయన. ఎందుకంటే ఆ ఆదివారమే కోరాపుట్‌లో చెల్లెలి సీమంతం. అందరూ కార్లోనే బయల్దేరాలి.

"ఆ బండితోటి ఘాట్ ఎక్కడానికి ఈల్లేదు" అన్నాడు తండ్రి.

పెద్దాయనకు డెబ్భై రెండేళ్లు. సాలూరు మనిషి. లారీలకు పేరుపడ్డ ఊరది. అక్కడ మగపిల్లాడికి మీసాలొచ్చే వేళకి చేతికి గ్రీజు అంటుకుని ఉండేదంటారు. ముప్ఫయ్యేళ్లపాటు రాయపూర్ రోడ్డు మీద లారీ తోలాడు. సాలూరు వైపు ఇప్పుడది 26వ నెంబరు జాతీయ రహదారి. ఆయనకు మాత్రం ఇంకా నలభైమూడే! ఇంజిను పక్కన కూర్చుని కూర్చుని ఎడమ చెవి దాదాపు పోయింది. కొడుకు నోరు జారింది అక్కడే.

"నీకు సరిగ్గా వినపడదు కదా నాన్నా. ఏ చప్పుడని చెబుతావు?"

ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కోడలు వంటింట్లోంచి తొంగిచూసి మళ్లీ లోపలికెళ్లిపోయింది.

పెద్దాయన లేచి, పెరట్లో ఆరేసిన గోనెసంచి తీసుకుని కారు ముందు పరుచుకున్నాడు. "సెవితోటి ఎవులింటార్రా... సేత్తో ఇంటారు" అంటూ మనవరాల్ని పిలిచాడు. "అమ్మలూ, నువ్వెక్కి కూకో. ఇంజిను కట్టీ. స్టీరింగు ఇటో రెండంగుళాలు, అటో రెండంగుళాలు... ఊరికే ఊపుతుండు" అన్నాడు. హ్యాండ్ బ్రేకు వేసి ఉందో లేదో రెండుసార్లు చూశాడు. ఎడమ చక్రం వెనక చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు.

నిమిషం తర్వాత "నువ్వెట్టు" అన్నాడు కొడుకుతో.

వేళ్ల కింద ఏదో కదిలింది. గుప్పిట్లో చేపపిల్ల తన్నినట్టు. స్టీరింగు ఊపిన ప్రతిసారీ, చక్రం కదలకముందే.

అది టై రాడ్ ఎండ్. స్టీరింగు తిప్పితే ఆ కదలిక రాక్‌లోంచి టై రాడ్‌కి, అక్కణ్నుంచి ఈ ఎండ్ ద్వారా చక్రానికి చేరుతుంది. లోపలో చిన్న ఇనప గుండు, బయట రబ్బరు టోపీ. టోపీ చిరిగితే గ్రీజు పోయి బురద చేరుతుంది. గుండు, దాని గూడు అరిగి లూజు వస్తుంది. ముదిరితే ఏ గోతి దగ్గరో ఊడిపోతుంది. అప్పుడు స్టీరింగు చేతిలోనే ఉంటుంది గానీ ఆ చక్రం మాట వినదు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన లారీకి అలాంటి జాయింటే ఒకటి ఊడింది. ఘాట్ దిగేశాక కాబట్టి బండి పొలంలోకి పోయింది. క్లీనరు చెయ్యి విరిగింది. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆరోజే మొదటిసారి గోనెసంచి మీద కూర్చుని చెప్పాడు.

మెకానిక్‌ని పూర్తిగా తప్పుపట్టలేం. స్టీరింగు దగ్గర చప్పుళ్లన్నీ ఒకచోటే పుట్టినట్టుంటాయి. ఆగి ఉన్న బండిలో స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి విదిలించుకున్నట్టు మోగితే షాకబ్జార్బరు పైన బేరింగు. పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వరసగా కట కట కటమంటే యాక్సిల్ జాయింటు. ఆయిల్ పవర్ స్టీరింగు మూలిగితే ముందు ఆయిల్ తగ్గిందేమో చూసుకోవాలి, కీచుమంటే బెల్టు. మారుతి 800కి ఆ పవర్ స్టీరింగే లేదు కాబట్టి ఓ తలనొప్పి తక్కువ. చక్రాన్ని జాకీ మీద లేపి కుడిఎడమలు పట్టుకుని ఊపితే లూజుంటే ఎక్కువగా టై రాడ్ ఎండే. పైనా కిందా పట్టుకుంటే లూజనిపిస్తే బాల్ జాయింటో, చక్రం బేరింగో. జాకీని ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకు మాత్రం దూరకూడదు.

శనివారం పొద్దున్నే రెండువైపులా ఎండ్లు మార్పించారు. మౌంటింగులకు పెట్టినదాంట్లో సగం కూడా కాలేదు. పెద్దాయన స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టించాడు. కొత్తది అన్ని చుట్లే బిగిస్తే చక్రం మరీ వంకరపోకుండా ఉంటుందట. నట్టుకి స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయమని పట్టుబట్టాడు. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్‌కి పంపాడు. అది చేయించకపోతే టైర్లు ఒకపక్కనే అరిగిపోతాయి మరి.

ఆదివారం సాలూరు దాటి ఘాట్ మొదలైంది. పెద్దాయన ముందు సీట్లో, అద్దం దించుకుని, అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ కొడుకు ఆయన మొహంకేసే చూస్తున్నాడు. "రోడ్డు సూడు" అన్నాడాయన.

సుంకి దగ్గర టీకి ఆగారు. గ్లాసు పట్టుకుని కారు చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు పెద్దాయన.

"ఎనక కుడి చక్రం కాడ సన్నగా ఏదో కూస్తున్నాదిరా. ఇప్పుడేటీ అవదులే... తిరిగెల్లాక సూద్దాం."

"అలాగే నాన్నా" అన్నారు టీచరుగారు.