జాకీ క్రింది నేల

రెండేళ్ళ క్రితం వర్షాకాలంలో, నంద్యాల ప్రాంతపు నల్లరేగడి పొలాల నడుమ మా చిచ్చా జీపు వెనుక చక్రం పంక్చరయింది. జీపులో ఉన్న కత్తెర జాకీని ఛాసిస్ క్రింద నిలిపి త్రిప్పసాగాను. జీపు లేవలేదు, జాకీయే మెల్లగా తడినేలలోకి దిగి ఒక ప్రక్కకు ఒరిగింది. అప్పుడు నా చేయి చక్రం క్రిందనే ఉన్నది. "చెయ్యి తియ్యి బేటా!" అన్న చిచ్చా కేక నేటికీ చెవిలో మ్రోగుతుంది.

కత్తెర జాకీ గట్టి రోడ్డు కొరకు చేసినది. దాని పాదం మరీ చిన్నది. పొడవైన పళ్ళకమ్మీ గల హైలిఫ్ట్ జాకీ చూడ ముచ్చటైనదే. కాని లేచినకొద్దీ వాహనం ఊగుతుంది; పిడి చేజారి ఎగిరితే దవడ పగులుతుంది. అందుచేత 3 టన్నుల బాటిల్ జాకీ కొన్నాను. దానిని నేరుగా ఇరుసు క్రింద పెట్టవచ్చు. ఛాసిస్‌ను లేపితే ముందుగా స్ప్రింగులు సాగి, ఆ పిమ్మటనే చక్రం నేలను వదలుతుంది. ఇరుసునే లేపితే కొద్దిపాటి ఎత్తు చాలును. అయితే దీని పాదమూ చిన్నదే! కనుక అడుగు చదరపు తుమ్మపలక ఒకటి చేయించాను. తక్కిన చక్రాలకు అడ్డురాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి.

ఇంత చేసినా చిచ్చాకు నమ్మకం లేదు. చక్రం విప్పేలోగా స్పేర్ చక్రాన్ని ఛాసిస్ క్రిందికి దొర్లించవలసిందే. అంతవరకు నన్ను దగ్గరకు రానివ్వరు.