పోలీసు జట్టు ఎవరిది?

మా టీమ్‌లో పదకొండు మందిమి ఉంటే నలుగురికి ఆర్సెనల్ జెర్సీలున్నాయి. ఇద్దరికి మాంచెస్టర్ యునైటెడ్. శనివారం రాత్రి మ్యాచ్ ఉందంటే ఆదివారం మధ్యాహ్నం దాకా ఒక్కడూ ఫోనెత్తడు. వీళ్ళలో ఒకడు 'మైదాన్' సినిమా చూసొచ్చి "అన్నా, ఈ రహీం సాబ్ మన హైదరాబాదాయనేనంట, నిజమా?" అని అడిగాడు. ఆర్సెనల్ గోల్‌కీపర్ల పేర్లు వరసగా అప్పజెప్పే మనిషి అడిగిన ప్రశ్న ఇది. తప్పు వాడిది కాదులెండి. మనకెవరూ చెప్పలేదు, మనం ఎవర్నీ అడగలేదు.

మాది కొత్తకోట. మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు పోయే హైవే మీద వస్తుంది, బస్సు కిటికీలోంచి మీలో చాలామంది చూసే ఉంటారు. 2016 నుంచి వనపర్తి జిల్లాలో ఉంది. చీరలు నేసే ఊరు. నేను చదువుకునే రోజుల్లో మా బడిలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఉండేవి, ఇక క్రికెట్ సంగతి చెప్పక్కర్లేదు. ఫుట్‌బాల్ మాత్రం లేదు. వాలీబాల్‌ని కాలితో తంతే మా పీఈటీ సారు "బంతి ఖరాబైతది బిడ్డా, చేత్తోటి ఆడుండ్రి" అనేవారు. ఇంజనీరింగ్ హాస్టల్లో చేరాకే అందరిలాగా నాకూ ఇంగ్లీషు లీగు పిచ్చి పట్టింది. ఆ పిచ్చిలో వాళ్ళ క్లబ్బుల పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ పోతుంటే, ఎక్కడో సగం దారిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు తగిలింది. అప్పట్నుంచీ ఒక ప్రశ్న నన్ను తొలుస్తోంది. వాళ్ళ కార్ఖానా జట్లు నూట నలభై ఏళ్ళయినా బతికున్నాయి కదా, మన పోలీసు జట్టుకి ఏమైంది?

కార్ఖానా జట్లు అని ఊరికే అనలేదు. ఆర్సెనల్ మొదలైంది 1886లో, లండన్ పక్కన ఊలిచ్‌లో తుపాకులు, ఫిరంగులు తయారు చేసే ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో. ఆర్సెనల్ అనే మాటకి అర్థమే ఆయుధశాల. మాంచెస్టర్ యునైటెడ్ 1878లో న్యూటన్ హీత్ అనే చోట రైల్వే వ్యాగన్ల షెడ్డులో పనిచేసేవాళ్ళు పెట్టుకున్న జట్టు. అంటే మన దగ్గర లాలాగూడ వర్క్‌షాప్ వాళ్ళు జట్టు కట్టినట్టన్నమాట. వెస్ట్‌హామ్ ఓడలు కట్టే కంపెనీ కూలీలది, 1895. అసలు ఫుట్‌బాల్‌కి రూల్సు రాసింది మాత్రం వీళ్ళు కాదు. 1863లో లండన్‌లో ఒక హోటల్లో కూర్చుని రాసింది పెద్ద బడుల్లో చదువుకున్న దొరబాబులు. మొదట్లో కప్పులన్నీ వాళ్ళవే.

ఆ లెక్క తిరగబడింది 1883లో. ఆ ఏడు ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో ఈటన్ బడి పూర్వవిద్యార్థుల జట్టు ఒకవైపు, బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే జట్టు ఇంకోవైపు. బ్లాక్‌బర్న్ నూలు మిల్లుల ఊరు. జట్టులో నేతపనివాళ్ళు, ఒక ప్లంబరు, ఇనుప ఫౌండ్రీ పనివాళ్ళు. అదనపు సమయంలో రెండో గోలు కొట్టి 2-1తో గెలిపించిన జిమ్మీ కాస్ట్‌లీ మిల్లులో నూలు వడికేవాడు. ఈ ముక్క చదివినప్పుడు నాకు మా ఊరి మగ్గాలే గుర్తొచ్చాయి. మన మగ్గాల పొట్ట కొట్టింది ఆ బ్లాక్‌బర్న్ లాంటి ఊళ్ళ మిల్లు గుడ్డే, అది వేరే కథ. కానీ కాస్ట్‌లీ మీద నాకు కోపం రాలేదు :)

ఇక్కడ గమనించాల్సింది డబ్బు. 1850 ఫ్యాక్టరీ చట్టం పుణ్యమా అని మిల్లు పనివాళ్ళకి శనివారం మధ్యాహ్నం రెండింటికి పని అయిపోయేది. మూడింటికి ఆట. ఇంగ్లండులో మ్యాచ్‌లు శనివారం మూడింటికి పెట్టే అలవాటు అక్కడ్నుంచి వచ్చిందే. మైదానం చుట్టూ గోడ కట్టి గేటు దగ్గర డబ్బులు వసూలు చేశారు. డబ్బులు వచ్చాక మంచి ఆటగాళ్ళ కోసం పోటీ మొదలైంది. ఆటగాళ్ళకి జీతం ఇవ్వడం నిషిద్ధం కాబట్టి దొంగదారి కనిపెట్టారు: స్కాట్లండ్ నుంచి ఒకణ్ణి పిలిపించి, ఊళ్ళో ఏదో ఒక ఉద్యోగం ఇప్పించి, ఆట ఆడించుకోవడం. 1884లో ప్రెస్టన్ క్లబ్బు పెద్దాయన విలియం సడెల్‌ని దీని గురించి నిలదీస్తే, అవును, పక్క ఊళ్ళ నుంచి ఆటగాళ్ళని తెచ్చి ఉద్యోగాలిప్పించాం, అయితే ఏంటి అన్నట్టు మాట్లాడాడు. అంటే మన భాషలో స్పోర్ట్స్ కోటా. ప్రెస్టన్‌ని కప్పు నుంచి తప్పించారు, గొడవైంది, చివరికి 1885లో జీతాలని చట్టబద్ధం చేశారు. 1888లో పన్నెండు క్లబ్బులతో లీగు మొదలైంది. మొదటి సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది ఆ ప్రెస్టనే.

స్పోర్ట్స్ కోటా అనే మెట్టు మీద ఇంగ్లండు కొన్నాళ్ళు నిలబడి, పైకి వెళ్ళిపోయింది. మనం ఆ మెట్టు మీదే ఇల్లు కట్టుకున్నాం. నాకర్థమైనంతలో హైదరాబాద్ ఫుట్‌బాల్ కథంతా ఇదే.

సరే, మన దగ్గరికొద్దాం. ఆటని ఇక్కడికి తెచ్చింది బ్రిటిష్ సైన్యం. డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలైంది. పెట్టింది మార్టిమర్ డ్యూరాండ్, ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు గీత గీసిన ఆ డ్యూరాండే. తర్వాత బొంబాయిలో రోవర్స్ కప్పు. మొదట్లో ఇవి గోరా పటాలాల ఆటలు. సికింద్రాబాద్ పెద్ద కంటోన్మెంట్ కాబట్టి చుట్టుపక్కల బస్తీల పిల్లలకి ఈ ఆట చూస్తూ అబ్బింది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్పుని వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఒక్కసారి ఆగి మళ్ళీ చదవండి, ఐదేళ్ళు. 1950లోనే ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కూడా ఎత్తుకొచ్చారు, 1954లో మళ్ళీ. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అనే పేరుతో ఇంకోసారి. కలకత్తా వాళ్ళకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం, కానీ ఆ కాలంలో వాళ్ళకి నిద్ర లేకుండా చేసింది మన పోలీసులే.

వీటి వెనకున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, బడిపంతులుగా పనిచేశారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి 1950లో పోలీసు జట్టుకీ, దేశం జట్టుకీ కోచ్ అయ్యారు. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది, ఆటని కూడా సిలబస్‌లాగే చూశారు. డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి వచ్చిన వెంటనే పాస్ ఇవ్వాల్సిందే, కాళ్ళ దగ్గర పెట్టుకుని సోకులు పడకూడదు. 1870ల్లో గ్లాస్గోలోని క్వీన్స్‌పార్క్ క్లబ్బు వాళ్ళు కూడా ఇదే చేశారు. ఇంగ్లీషు వాళ్ళు బంతిని ఎవరికి వారు లాక్కుని పరిగెత్తే రోజుల్లో స్కాట్‌లు ఒకరికొకరు అందించుకుంటూ ఆడి వాళ్ళని బోల్తా కొట్టించారు.

రహీం సాబ్ చేతికింద దేశం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1952 హెల్సింకిలో, మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో చితికిపోయారు. తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, ఆ జట్టులో మన హైదరాబాద్ వాళ్ళ పేర్లు కొన్ని ఇవి. సరిగ్గా అదే నెలల్లో, 1956 నవంబర్ ఒకటిన, హైదరాబాద్ రాష్ట్రం మ్యాపులోంచి పోయింది. రాష్ట్రం పేరు పోయినా 1956-57 సంతోష్ ట్రోఫీ గెలిచింది 'హైదరాబాద్' జట్టే, ఆ తర్వాతి ఏడాది కూడా వాళ్ళే.

ఇక 1962 జకార్తా. స్టేడియంలో లక్షమంది, అందరూ మనకి వ్యతిరేకం. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని రానివ్వలేదని మన అధికారి ఒకాయన అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియా జనం రగిలిపోయి ఉన్నారు. గ్రూపులో మనల్ని 2-0తో ఓడించిన దక్షిణ కొరియానే ఫైనల్లో ఎదురైంది. జర్నైల్ సింగ్ తలకి కుట్లు. రహీం సాబ్‌కి క్యాన్సర్. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టి 2-1తో గెలిచారు. ఆ తర్వాత మన దేశానికి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, అప్పుడు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదే. రహీం సాబ్ 1963 జూన్ 11న పోయారు, యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు.

బలరాం గురించి రెండు ముక్కలు చెప్పకుండా ముందుకు పోలేను. సికింద్రాబాద్ శివార్లలో అమ్ముగూడ కుర్రాడు, తమిళ కుటుంబం, పేదరికం. రహీం సాబ్ రమ్మంటే అంత దూరం ప్రాక్టీసుకి రావడానికి దారి లేదంటే, సైకిలు అద్దెకి ఆయనే రూపాయి ఇచ్చేవారని బలరామే చెప్పుకున్నారు. ఆ కుర్రాడు 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. ఇక తిరిగి రాలేదు. జబ్బు చేసి 1963లోనే ఆట వదిలేసినా బెంగాల్లోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశారు. మన మనిషిని మోసుకెళ్ళింది వాళ్ళు. ఆయన వెళ్ళినందుకు నేను తప్పు పట్టను. ఇక్కడ పోలీసు ఉద్యోగం, అక్కడ స్టేడియం నిండా జనం. ఏ ఆటగాడైనా ఏం ఎంచుకుంటాడు?

అసలు తేడా అక్కడే ఉంది. మోహన్ బగాన్ 1889 నాటిది, ఈస్ట్ బెంగాల్ 1920 నాటిది. రెండూ సభ్యుల క్లబ్బులుగా పెరిగాయి. చందా కట్టే మనుషులున్నారు, ఓడితే తిట్టే హక్కున్నవాళ్ళున్నారు, ఆ గొడవ కొడుకులకీ మనవలకీ ఆస్తిలాగా వచ్చింది. మన పోలీసు జట్టు డిపార్ట్‌మెంటుది. మంచి కోచ్ ఉన్నన్నాళ్ళు, ఆటంటే ఇష్టమున్న పెద్ద ఆఫీసర్లు ఉన్నన్నాళ్ళు దేశం మీద పడి గెలిచారు. అవి లేనప్పుడు అడగడానికి బయటివాడికి ఏం అధికారం? పోలీసుశాఖ పని శాంతిభద్రతలు, రోవర్స్ కప్పు కాదు కదా. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒక సంతోష్ ట్రోఫీ వచ్చింది, మనవాళ్ళు గెలిచిన ఆఖరిది అదే. 2024 డిసెంబర్ 31న ఆ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలి స్టేడియంలోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ.

ఏ మాటకామాటే, డబ్బొస్తే అంతా బాగుంటుందని చెప్పడం లేదు. నేతగాళ్ళ బ్లాక్‌బర్న్ ఒలింపిక్, జీతాలు చట్టబద్ధమైన నాలుగేళ్ళకే, పక్క వీధి బ్లాక్‌బర్న్ రోవర్స్ ధాటికి తట్టుకోలేక మూతపడింది. ఆర్సెనల్ కూడా 1913లో ఊలిచ్ వదిలి నది దాటి ఉత్తర లండన్‌కి వెళ్ళిపోయింది, అది మా జెర్సీ వీరులకి తెలియదు.

డబ్బుండి ఊరు లేకపోతే ఏమవుతుందో మన కళ్ళముందే చూశాం. 2019లో పూణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్లో అట్టడుగు. తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల గోవాలోనే ఆట. ఆ గోవాలోనే 2022 మార్చిలో కేరళని పెనాల్టీల్లో ఓడించి దేశం ఛాంపియన్లయ్యారు. ఆ సీజన్లో హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా! రెండేళ్ళు తిరక్కుండానే జీతాల కష్టాలు, ఓనర్ల మార్పు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. పూణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది, మధ్యలో మన దగ్గర ఆరేళ్ళు అద్దెకున్నట్టు. గచ్చిబౌలి స్టేడియం పక్కనుంచే రోజూ ఆఫీసుకి పోయే మనలో ఎంతమంది ఒక్క టికెట్టయినా కొన్నాం?

లండన్‌లో వింబుల్డన్ అనే 1889 నాటి క్లబ్బుని కూడా ఇలాగే ఓనర్లు వేరే ఊరికి తరలించారు. 2002లో అనుమతి వచ్చిన కొద్ది వారాలకే అభిమానులు సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఒక పార్కులో ట్రయల్స్ పెడితే రెండొందల పైచిలుకు మంది ఆడటానికొచ్చారు. తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011కల్లా లీగులోకి వచ్చేశారు. ఆ క్లబ్బులో ఎక్కువ వాటా ఇప్పటికీ చందా కట్టే అభిమానుల సంఘానిదే.

హైదరాబాద్‌లో ఎవరైనా అలాంటి చందా పుస్తకం తెరిస్తే మొదటి రసీదు నాకు రాయండి. కొత్తకోట అని ఊరి పేరు కూడా వేయండి.