రాష్ట్రపతి నిలయము – తోటలు, పండుగలు

సికిందరాబాదునకు ఉత్తరమున బొల్లారమను ప్రదేశము కలదు. ఒకప్పుడు అచ్చట ఆంగ్లేయుల సేనలు విడిసి యుండెడివి. నేటికిని అచ్చటి చెట్లు పెద్దవిగను, ఇండ్లు దూరదూరముగను ఉండి, నగరపు సందడినుండి వచ్చినవారికి వేఱొక ఊరు చొచ్చినట్లు తోచును. ఇచ్చటనే దాదాపు 90 ఎకరముల ఆవరణమున రాష్ట్రపతి నిలయము వెలసియున్నది. భారత రాష్ట్రపతి శీతకాలమున దక్షిణదేశమునకు వచ్చినపుడు కొన్ని దినములు విడిది చేయు గృహమిది.

చిరకాలము దీని ద్వారము సామాన్యజనులకు ఏటికి కొలది దినములు మాత్రమే తెఱవబడుచుండెను. తక్కిన దినములలో ఆ దారిని పోవువారు ప్రహరిగోడను చూచి పోవలసినదే. 2023వ సంవత్సరము మార్చి 22వ తేదీన, ఉగాదినాడు, రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపదీ ముర్ముగారు దీనిని ఏడాది పొడవునను ప్రజలు చూచుటకు వీలుగ తెఱపించిరి. అది మొదలు ఇందు పుష్పప్రదర్శనములును, కళోత్సవములును జరుగుచున్నవి. మేము ఈ నిలయమును చూచి వచ్చితిమి. మన సోదరీమణులకు పనికివచ్చునని తోచిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ భవనము 1860లో కట్టబడినది. దీనికి అంతస్తులు లేవు. అన్నియు కలిసి పదునొకండు గదులు. పేరు విని మహాసౌధమును ఊహించుకొని పోయినవారికి ఇది ఒక పెద్ద కుటుంబపు ఇల్లువలె కనబడును. నిజాముల సంస్థానమున ఆంగ్లప్రభుత్వము పక్షమున రెసిడెంటను దొర యుండెడివాడు. ఆయనకు నగరములో కోఠియందలి గొప్ప మేడ కచేరియు నివాసమును కాగా, ఊరివెలుపల బొల్లారములోని ఈ యిల్లు విశ్రాంతిస్థానమై యుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఇది నిజామునుండి కేంద్రప్రభుత్వపు వశమై, రాష్ట్రపతికి విడిదియయ్యెను.

కోఠిమేడ కథ స్త్రీలమగు మనకు మఱింత ప్రియమైనది. 1924లో స్థాపింపబడిన స్త్రీల కళాశాల 1949లో ఆ మేడలోనికి వచ్చి చేరెను. నేడది మహిళా విశ్వవిద్యాలయమై, పాలకుర్తిలో తన పంటకై దేశముఖుతో పోరాడిన చాకలి ఐలమ్మ పేర పిలువబడుచున్నది. దొరగారి రెండిండ్లలో ఒకటి ఆడుబిడ్డల చదువునకు ముందుగనే దక్కినది. రెండవదానిని గూర్చియే ఇప్పుడు చెప్పుచున్నాము.

నిలయమునకు పోయిన గృహిణులు దర్బారుగదిని, భోజనశాలను చూచి మరలిపోక, వంటయింటి దారిని తప్పక చూడవలెను. ఇచ్చట వంటయిల్లు ప్రధానభవనమునకు ఎడముగ, వేఱుగ కట్టబడినది. వండిన పదార్థములను అచ్చటినుండి భోజనశాలకు చేర్చుటకై నేలక్రింద నొక సొరంగము కలదు. మన పాత ఇండ్లలోను వంటయిల్లు వెనుకకట్టున ఉండెడిది. పొగయు, మసియు, నిప్పుభయమును అందులకు కారణములని మన మెఱుగుదుము. కాని నడచు దారిని సైతము నేలక్రిందికి దింపుటలో మాకు మఱియొక భావము కనబడినది. విందునకు కూర్చున్నవారికి పళ్లెరములు కనబడవలెను. వానిని మోసి తెచ్చినవారు కనబడరాదు. పొయ్యికడ చెమటయోడ్చినవారు తోటలోని బాటను నడచివచ్చుట ఆ దొరలకును దొరసానులకును కంటికి ఇంపుగ నుండదు కాబోలు. పైన పూచిన పూలు, క్రింద పళ్లెరము పట్టుకొని నడచిన వానికొఱకు పూయలేదు.

ఈ మాటలు వ్రాయుచుండగా మన యిండ్లలో సొరంగము లేదని సంతోషించితిమి. మఱల ఆలోచింపగా అంతగా సంతోషింప వలను పడలేదు. చుట్టములు వచ్చిననాడు చావడిలో మాటలు, నవ్వులు సాగుచుండగా ఇల్లాలు ఎచ్చట నుండును? వడ్డన ముగిసినదాక ఆమె ముఖము చూచినవా రెందఱు? నేల త్రవ్వకయే కొన్ని సొరంగములు ఏర్పడుచుండును.

ప్రజలకు ద్వారము తెఱచినపుడు ఈ సొరంగమును మూసివేయలేదు; మఱుగుపఱచనులేదు. దాని గోడలపై తెలంగాణపు చేర్యాల చిత్రములను వ్రాయించిరి. ఒకప్పుడు ఎవ్వరికిని కనబడరాదని కట్టిన దారియే నేడు అందఱును కోరి చూచు దారియైనది. చేర్యాల అను ఊరు సిద్దిపేట జిల్లాలోనిది. అచ్చటి నకాషీ కుటుంబములవారు తరతరములుగ పురాణకథలను, కులగాథలను పొడవైన గుడ్డచుట్టలపై బొమ్మలుగ వ్రాయుచు వచ్చిరి. కథకులు ఊరూర ఆ చుట్టను కొంచెము కొంచెముగ విప్పుచు, బొమ్మ చూపుచు, కథ చెప్పెడివారు. ఎఱ్ఱని నేలపై పెద్ద కన్నుల స్త్రీపురుషులు వీనిలో కనబడుదురు. దేవతలేగాక, దంచువారు, విసరువారు, కల్లుగీయువారు, పొలము దున్నువారు కూడ ఈ చిత్రములలో చోటు పొందియున్నారు.

ఇందొక సంగతి మన పాఠకురాండ్రకు వింతగ నుండును. ఈ చిత్రములకు గుడ్డను సిద్ధము చేయుటకు కావలసినవి చాలవఱకు వంటయింటిలోనివే. బియ్యపు గంజి, చింతగింజల అంబలి, తెల్లసుద్ద, జిగురు కలిపి గుడ్డకు పట్టించి, ఆరనిచ్చి, ఆపైని రంగులు వేయుదురు. మనము పాఱబోయు గంజియు, పిల్లలు ఆడుకొను చింతగింజయు ఒక దేశమునకు చిత్రకళయైనవి.

సొరంగమునుండి వెలుపలికి వచ్చినపిదప తోటలను తీరికగ చూడవలెను. ఓషధీవనమున వందకు పైబడిన మందుమొక్కలును, సుగంధపు మొక్కలును పెంచుచున్నారు. మన అమ్మమ్మలు పెరటిలో గుర్తుపట్టిన ఆకులను మనము నేడు సీసాలపై చీటి చదివి గుర్తుపట్టుచున్నాము. పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఆకు నలిపి వాసన చూడక, కంటితో చూచియే పేరు చెప్పుమని అడిగిన మంచి వినోదమగును.

నక్షత్రవనము మఱియొకటి. 27 నక్షత్రములకు 27 వృక్షములను చెప్పు సంప్రదాయము మన పంచాంగములలో కలదు. భరణికి ఉసిరి, కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఖకు మఱ్ఱి, స్వాతికి మద్ది, రేవతికి ఇప్ప అని చెప్పుదురు. జన్మనక్షత్రమునందలి నమ్మిక యెట్లున్నను, ఈ వరుసను కల్పించినవారి తెలివిని మెచ్చవలెను. ఇంటిలో నలుగురు పుట్టినచో నాలుగు జాతుల చెట్లు నాటవలసివచ్చును గదా!

ఏనుగుల బావికడ పూర్వపు నీటిపారుదల పద్ధతిని మఱల నెలకొల్పి చూపుచున్నారు. ఎద్దులచే నీరు తోడించి కాలువలకు పెట్టిన కాలమెట్టిదో, కుళాయి త్రిప్పుటతప్ప ఎఱుగని పిల్లలకు దానివలన తెలియును. 2023 డిసెంబరులో 120 అడుగుల పొడవుగల టేకు ధ్వజస్తంభమును ప్రతిష్ఠించిరి. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన చరిత్రకది గుఱుతు. పిల్లలకు ఆటస్థలమును, దారులు చుట్టుకొని త్రోవ తప్పించు చిక్కుతోటయు అప్పుడే ఏర్పడినవి.

ఇక నిచ్చట జరుగు పండుగల మాట. మొదటి ఉద్యానోత్సవము 2024 డిసెంబరు 29వ తేదీనుండి 2025 జనవరి 13వ తేదీవఱకు, అనగా భోగినాటివఱకు జరిగినది. 2026 జనవరిలో మఱల జరిగినది. పూలబారులను చూచి మెచ్చుకొనుటయే ఇందలి ఫలము కాదు. తోటపని నెఱిగినవారు అచ్చట నుందురు. మొగమాటపడక వారిని అడుగవలెను. కూరగాయల తొక్కులను వాసన రాకుండ ఎరువు చేయుటెట్లు? ఎండ తక్కువగ వచ్చు వసారాలో ఏ మొక్క బ్రదుకును? కరివేపచెట్టు ఆకులు ముడుచుకొనుటకు ఏమి చేయవలెను? ఇట్టి ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసికొనిపోయిన ఆ పూట వ్యర్థము కాదు.

రెండవది భారతీయ కళామహోత్సవము. 2024 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో జరిగిన మొదటి ఉత్సవమున ఈశాన్యదేశపు ఎనిమిది రాష్ట్రముల కళలను, వంటకములను, చేతిపనులను చూపిరి. 2025 నవంబరులో పడమటి రాష్ట్రముల వంతు వచ్చెను. గుజరాతు, రాజస్థానము, మహారాష్ట్రము, గోవా మొదలగు ప్రాంతములవారు తమ కళలతో బొల్లారము చేరిరి. వేయి మైళ్ల ప్రయాణము మన గృహిణులలో ఎందఱకు సాధ్యము? అస్సాములో మగ్గము ఇంటిలోనే యుండుననియు, ఇల్లాలే దానిపై నేయుననియు చదివినవారము. మన దేశమున నేతగాని యింట స్త్రీ కండెలు చుట్టి, ఆసు పోసి, ప్రొద్దెల్ల శ్రమించినను నేతపేరు పురుషునిదే యగుట వాడుక. నేసిన చేతి పక్కన నిలిచి, ఆ బట్టను ముట్టి చూచి, పని తీరు అడిగి తెలిసికొనుటకు ఇట్టి ఉత్సవములు అవకాశము కల్పించును.

ఈ రెండు పండుగలకును ప్రవేశము ఉచితముగ నుండెను. తక్కిన దినములలో కొలది రుసుము కలదు. సోమవారములందు చూడనీయరు, రాష్ట్రపతి విడిదిచేయు దినములలోను ద్వారము మూయుదురు. ఉత్సవముల తేదీలు ఏటేట మాఱుచుండును గనుక పత్రికలలో ప్రకటన చూచి, ముందుగా విచారించుకొని బయలుదేరవలెను. ఉదయమే పోయినచో ఎండ తగులదు. తోట నడచి చూడవలసినంత పెద్దది గనుక ముసలివారికి మధ్యమధ్య కూర్చుండుటకు తగిన వ్యవధి ఉండునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

ఇక మా మనసులోని అసలుమాట. ఇట్టి స్థలములకు కుటుంబములు పోవు తీరు మనము చూచుచునే యున్నాము. ఇల్లాలు తెల్లవాఱకముందే లేచి, పదిమందికి వండి, గిన్నెలు సర్ది, పిల్లలను ముస్తాబు చేసి, అలసి బయలుదేరును. అచ్చటికి చేరినపిదప మగవారును పిల్లలును తోట తిరుగుచుండగా ఆమె సంచుల కాపలాకు ఒక చెట్టుక్రింద కూర్చుండును. ఇంటికి మరలివచ్చి గిన్నెలు తోముకొనును. పోయివచ్చితివా అని పొరుగామె అడిగిన, పోయివచ్చితినని చెప్పును. ఏమి చూచితివని అడిగినచో చెప్పుటకు ఆమెకు చెట్టునీడ తప్ప ఏమి యుండును?

కావున సోదరీమణులకు మా మనవి యిది. బొల్లారము పోవు దినమున వంట పెట్టుకొనవద్దు. ముందునాటి రాత్రి కలిపిన పులిహోర ఒక పూటకు చాలును. అదియు కలుపుటకు ఓపిక లేనిచో, ఆనాటికి ఇంటి పురుషులే కలుపుదురు గాక. ఉప్పు కొంచెము ఎక్కువైనను పులిహోర పులిహోరయే. సంచులు మోయు పని వంతులవారీగ పంచుకొనుడు. అత్తగారిని వెంటబెట్టుకొని పొండు; ఆమె మీకన్న ఎక్కువ ఏండ్లు ఆ గోడలోపల ఏమున్నదో చూడక గడపినది. ఇంట పని చేయు అమ్మాయిని, ఆమె పిల్లలను కూడ పిలువుడు. వంటయింటి సొరంగములో ఆమెను ముందు నడువనిండు.