మైపాడు ఒడ్డున ఒక తల్లి ప్రశ్న

నెల్లూరుకు తూర్పుగా సుమారు 25 కిలోమీటర్లు వెళ్తే మైపాడు సముద్రతీరం. మొన్న అక్కడి పాలెంలో ఒక కుటుంబాన్ని దర్శించడానికి వెళ్ళాము. వల బాగుచేసుకుంటున్న తల్లి, "అయ్యగారూ, మావాడు స్కూబా నేర్చుకుంటాడంట. వాళ్ళ నాయన్ని ఈ సముద్రమే తీసుకుంది. మీరన్నా చెప్పండి" అని కన్నీరు పెట్టుకుంది.

కుర్రవాడు రెండు ప్రకటనలు చూపించాడు. విశాఖ రుషికొండలో ఒక్కపూట డైవింగ్ ఒకటి, పుదుచ్చేరిలో కొన్ని రోజుల ఓపెన్ వాటర్ శిక్షణ ఒకటి. మొదటిది చవకే గాని దానితో సర్టిఫికెట్ రాదు. రెండవది ముగించినవారు జతగానితో 18 మీటర్ల లోతు వరకు దిగవచ్చు.

డైవింగ్ తెలిసిన ఒక సహోదరుని విచారించి, మేము అతనికి ఇలా చెప్పాము: "బాబూ, డబ్బు కట్టకముందే అడుగు. గురువు కార్డు ఇప్పటికీ చెల్లుతుందా? ఒకేసారి ఎందరిని దింపుతాడు? ఆరోగ్య పత్రం నింపిస్తాడా? 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం పరీక్షిస్తాడా? పడవలో ఆక్సిజన్ ఉంచుతాడా?"

పాలెం పిల్లలకు ఊపిరి బిగబట్టి మునగడం అలవాటు. స్కూబాలో ఆ అలవాటే ప్రమాదం. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది వ్యాకోచించి ఊపిరితిత్తులు చీలవచ్చు. శ్వాస ఆపక, మెల్లగా పైకి రావాలి.

అంతా విని ఆ తల్లి, "సముద్రం బాగలేనినాడు 'ఈ పొద్దు వద్దు' అనే మనిషేనా?" అన్నది. కుర్రవాడు ఆ ప్రశ్ననే అన్నిటికంటే పైన వ్రాసుకున్నాడు.

తల్లిదండ్రులారా, బిడ్డల కోరికను కొట్టివేయకండి, గురువును పరీక్షించండి.