ఎవరమ్మా ఈ ‘ఇట్’?

తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన నాలాంటి వాళ్లకి ఇంగ్లీషు మాటలు రాక కాదు ఇబ్బంది. మిల్కు, స్కూలు, ఫీవరు... రోజూ వాడేవే కదా! వాటిని వరసలో కూర్చోబెట్టడమే చిక్కు.

మా అమ్మాయి నాలుగో తరగతి గ్రామరు పుస్తకంలో సబ్జెక్టు, ప్రెడికేటు పాఠం వచ్చింది. దేని గురించి చెబుతున్నామో అది సబ్జెక్టు. దాని గురించి చెప్పే మిగతాదంతా ప్రెడికేటు. చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పిన ఉద్దేశ్యం, విధేయం ఇవేనన్నమాట. ‘ది ఓల్డ్ మిల్క్‌మ్యాన్’ వరకూ సబ్జెక్టు, ‘కేమ్ లేట్ టుడే’ ప్రెడికేటు. ఇంతవరకూ బీరకాయ తరిగినంత సులువు.

మనం ‘వచ్చాను’ అంటే చాలు, వచ్చింది నేనేనని ఆ చివరి ‘ను’ చెప్పేస్తుంది. ఇంగ్లీషు ‘కేమ్’కి ఆ తోక లేదు. నేనైనా, మీరైనా, పాలవాడైనా అదే ‘కేమ్’. అందుకే ముందు ‘ఐ’ ఉండి తీరాలి. ‘ఆవిడ టీచరు’ అని మనం క్రియ లేకుండానే చెప్పేస్తాం. వాళ్లకి మధ్యలో ‘ఈజ్’ పడాల్సిందే. ఇక మనకి వాన పడుతుంది. వాళ్లకేమో ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. ఎవరీ ‘ఇట్’? ఎవరూ కాదట! సబ్జెక్టు చోటు ఖాళీగా ఉండకూడదని వేసిన పీట. ‘కమ్’ అని పిలిచేటప్పుడు మాత్రం ‘యు’ దాక్కుంటుంది, మన ‘రా’లో నువ్వు లాగే. ఆ ఒక్కచోటా హాయి.

ఈ పాఠంతో నాకు వెంటనే పనిపడింది. పాపకి ఆయాసం. చలిలో పరిగెత్తించవద్దని డాక్టరుగారు చెప్పారు. ఆ సంగతి క్లాసు టీచరుకి రాయాలి. ఇలాంటివి రాసే మావారు క్యాంపుకెళ్లారు. “పక్కింటావిడ చేత రాయించు” అన్నారు అత్తయ్యగారు. రాత్రిళ్లు పిల్ల ఊపిరి లెక్కపెట్టేది నేనైతే, ఆవిడేం రాస్తుంది?

‘పాపకి ఆయాసం ఉంది’ అన్నప్పుడు వాక్యంలో ఉన్నది ఆయాసమే. పాప ఒక ‘కి’ తగిలించుకుని పక్కన నిలబడుతుంది. ఇంగ్లీషులో ‘మై డాటర్ హ్యాజ్ ఆస్తమా’. పాప ముందుకొచ్చింది, ఆయాసం ప్రెడికేటులోకి పోయింది. ఏమోగానీ, ఆ వరస నాకు నచ్చింది. దానికిందే ‘షీ షుడ్ నాట్ రన్ ఇన్ కోల్డ్ వెదర్’ అని రాసి, సంతకం పెట్టి డైరీలో ఉంచాను.

ఆ రోజు ఆటల పీరియడులో దాన్ని కూర్చోబెట్టి స్కోరు రాయమన్నారట. టీచరు జవాబు కూడా వచ్చింది: ‘నోటెడ్. థాంక్యూ.’ సబ్జెక్టు కోసం వెతికాను. రెండిట్లోనూ లేదు!